సగం దగ్గర కాటా

రోహిణి కార్తె. రాయికి చెమట పట్టే చీమకుర్తిలో
రాత్రి ఎనిమిదింటికి హాలోజన్లు వేస్తారు.
ముందు క్వారీ దుమ్ము వెలుగుతుంది,
తర్వాతే వాలీబాల్ కోర్టు కనపడుతుంది.

ఎనిమిది జట్లు. ఒక్కోదానికి పద్నాలుగు ఆటలు.
ఏడయ్యాయి.
పైనున్న నాలుగే సెమీస్‌కి.

నేను వేబ్రిడ్జి కిటికీలో కూర్చునే కాటా సుభాషిణిని.
టైర్ల పొట్ట చూసి, బండి కాటా ఎక్కకముందే
రాయెంతుందో చెబుతాను, పావుటన్ను అటూ ఇటూ.
అందుకని మాలకొండయ్య టీగ్లాసు కిటికీలో పెట్టి
"ఏందక్కా, ఎవురు పోతారు పైకి?" అంటాడు.
పందెం రెండు సమోసాలు.

బూదవాడకి ఆరు గెలుపులు. ఊరంతా వాళ్ల పేరే ముందు చెబుతోంది.
ఆరింట్లో నాలుగు అయిదో సెట్టు దాకా పోయి
రెండే రెండు పాయింట్లతో బయటపడ్డవి.
అది గ్రాస్ బరువు మాలకొండయ్యా,
ఖాళీ బండి బరువు తీసెయ్యాలి:
అవతలివాడి మడమ బెణికిన రోజు,
కరెంటు పోయి వాళ్ల ఊపు తెగిన రోజు,
రిఫరీ బావమరిదైన రోజు.
తీస్తే మిగిలేది నెట్టు.
నాకు నెట్లు రెండు. ఒకటి స్తంభాల మధ్య,
ఒకటి చీటీ చివర.

పాలిషింగ్ యూనిట్ మూడే గెలిచింది.
ఓడిన నాలుగూ నేను చూశాను.
గరుకు దిమ్మలో చుక్కలు కనపడవు,
చెంబెడు నీళ్లు పోసి చూడాలి.
పోసి చూశాను. రాశాను వాళ్ల పేరు.

టిప్పర్ డ్రైవర్లు అయిదు.
కానీ కృష్ణపట్నంలో షిప్పు ఆగిందని కబురొస్తే
బంతి లేపాల్సిన మీరావలి చేతులు
తెల్లార్లూ స్టీరింగు మీదే.
రాశాను, పెన్సిలుతో.
రామతీర్థం నాలుగు గెలిచి నాలుగో చోట కదలకుండా ఉంది,
దాన్ని గురించి చెప్పడానికేం లేదు. రాశాను.
చివరికి బూదవాడని కూడా రాశాను.
ఊళ్లో బతకాలి కదా.

ఒడిశా షెడ్డుకీ అయిదు గెలుపులు.
గోబింద ఎగిరితే నెట్టు అతని మోచేతి కిందే ఉంటుంది.
రాయలేదు.
కిటికీ దగ్గరకొచ్చి అడిగాడు,
"అక్కా, మేము లేమా?"
తొలకరి పడితే నాట్లకి పోతారుగా అన్నాను.
"లెక్కలో వాన కూడా ఉందా?"
ఉంది.
అతను ఆకాశంకేసి చూశాడు,
అవతలి కోర్టులో సర్వీసుకి నిలబడ్డవాణ్ణి చూసినట్టు.

ఇక డ్రిల్లర్లు. ఏడింట్లో ఒకటి.
వాళ్ల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు.
ఆ రాత్రి మళ్లీ ఓడి, బనీన్లు పిండుకుంటూ
తొమ్మిది మందీ వచ్చి కాటా మీద నిలబడ్డారు.
"మమ్మల్ని తూకం వెయ్యి" అన్నాడు ఏసోబు.
నవ్వులాటకనే అనుకున్నాను. వాళ్లు నవ్వడం లేదు.
రోజంతా డ్రిల్లు పట్టిన చేతులు
ఆట అయిపోయినా సన్నగా అదురుతూనే ఉన్నాయి.

మిషను బండి నంబరు అడిగింది. వదిలేశాను.
సరుకు అడిగింది. వదిలేశాను.
గ్రాస్: అయిదు వందల అరవై.
టేర్ అడిగింది.
వాళ్లలోంచి ఏం తీసెయ్యాలో
ఎంతసేపు చూసినా తోచలేదు.
సున్నా కొట్టాను.
నెట్టు: అయిదు వందల అరవై.

ఏసోబు చీటీని నాలుగు మడతలు పెట్టి
నిక్కరు జేబులో దోపుకున్నాడు.
"ఇంకా ఏడున్నాయి కదక్కా" అన్నాడు, పోతూ పోతూ.
నా చీటీలో పేర్లు నేనేం మార్చలేదు.
సమోసాలు ఎవరు తిన్నారో ఇప్పుడు చెప్పను.

వాళ్లు దిగి పోయాక
కొత్తపట్నం వైపు నుంచి పైరగాలి తిరిగింది.
ఖాళీ కాటా పది చూపించింది,
సున్నా,
మళ్లీ పది.